పాత లేత్ కొనేముందు: రంగు కాదు, బెడ్డు చూడాలి

యాసంగి కోతలు జోరుగా సాగేటప్పుడు పెన్‌పహాడ్ మండలంలో ఒక వరికోత మిషన్ ఆగిందంటే నష్టం దాని ఓనరుకు మాత్రమే కాదు. వరుసలో ఉన్న ప్రతి రైతుదీ. మబ్బు పట్టిందంటే గుండెల్లో రాయి పడుతుంది. మిషన్ ఆగడానికి కారణం మాత్రం తరచూ చాలా చిన్నది. ఏదో ఒక షాఫ్టు మీద బేరింగు కూర్చునే చోటు అరిగి, బేరింగు వదులై తిరుగుతుంటుంది. అరిగిన చోట వెల్డింగుతో మెటల్ నింపి, లేత్ మీద మళ్లీ కొలతకు తీస్తే అదే షాఫ్టు ఇంకొన్నేళ్లు నడుస్తుంది. ఆ పని కోసం షాఫ్టు విప్పి సూర్యాపేటకో, కోదాడకో, మిర్యాలగూడకో పట్టుకుపోవాలి. అక్కడ సీజన్‌లో వరుస ఉంటుంది.

ఐటీఐలో టర్నర్ ట్రేడు చదివి, బాలానగర్‌లోనో జీడిమెట్లలోనో కొన్నేళ్లు పనిచేసి ఊరికి తిరిగొచ్చే కుర్రాళ్లకు ఇక్కడ నిజమైన అవకాశం ఉంది. ట్రాక్టర్లు, కోత మిషన్లు, బోరు పైపులు, కొంచెం దూరంలో మిర్యాలగూడ రైస్ మిల్లులు, మేళ్లచెరువు, మఠంపల్లి వైపు సిమెంటు ఫ్యాక్టరీలు. లేత్ పనికి కొదవ లేదు, కొదవంతా పెట్టుబడికే. కొత్త లేత్ ధర చూసి వెనక్కి తగ్గినవాళ్లు సెకండ్ హ్యాండ్ వైపు చూస్తారు. హైదరాబాద్, విజయవాడ నగరాల మధ్య 65వ నంబరు జాతీయ రహదారి మీద ఉన్న సూర్యాపేటకు అటు హైదరాబాద్ పాత మిషన్ల వ్యాపారులు, ఇటు విజయవాడ ఆటోనగర్ ఇంచుమించు ఒకే దూరం.

పాతది కొనడం తప్పు కాదు. తెలియకుండా కొనడం తప్పు. లేత్ విషయంలో ‘తెలియడం’ అంటే దాని వయసు తెలియడం కాదు. ఎక్కడ అరిగింది, ఎంత అరిగింది, ఆ అరుగుదల మనం చేయబోయే పనికి అడ్డమా కాదా అన్నది తెలియాలి. ఈ మూడింటికీ కొలతలతో జవాబు దొరుకుతుంది.

వయసు దానంతటదే లోపం కాదు

మిగతా భాగాలన్నీ కూర్చునే లేత్ బెడ్డును పోత ఇనుముతో చేస్తారు. అందులో సుమారు 3 శాతం కార్బన్ ఉంటుంది. దానిలో ఎక్కువ భాగం సన్నని గ్రాఫైట్ రేకులుగా లోహమంతా పరచుకుని ఉంటుంది. ఈ రేకులు రెండు మేళ్లు చేస్తాయి. అదురును మింగేస్తాయి, జారే తలానికి కాస్త నునుపునిస్తాయి. అందుకే ఉక్కు ఎంత బలమైనదైనా లేత్ బెడ్డుకు పోత ఇనుమునే ఎంచుకున్నారు.

కరిగిన ఇనుము అచ్చులో చల్లారేటప్పుడు పలుచని భాగాలు ముందు, మందపు భాగాలు తర్వాత గట్టిపడతాయి. ఒకదాన్నొకటి లాక్కుంటూ లోపల ఒత్తిళ్లు మిగిలిపోతాయి. ఆ ఒత్తిళ్లు మెల్లగా వదులవుతూ ఉంటే, గీసి చదును చేసిన బెడ్డు కూడా కొద్దికొద్దిగా వంకర పోతుంది. అందుకే పూర్వం పోత పోసిన బెడ్లను నెలల తరబడి ఆరుబయట ఉంచి, ఆ తర్వాతే మెషినింగు చేసేవారు. ఇప్పుడు కొలిమిలో 500 నుంచి 600 డిగ్రీల దాకా వేడిచేసి, నిదానంగా చల్లార్చి ఒత్తిళ్లు తీస్తారు. ఏళ్ల తరబడి పనిచేసిన బెడ్డులో జరగాల్సిన సర్దుబాటు ఎప్పుడో జరిగిపోయి ఉంటుంది. ఆ మేరకు పాత పోత నమ్మదగినదే.

మన దగ్గర తిరిగే పాత లేతుల్లో మంచి వంశం ఉన్నవీ ఉన్నాయి. బెంగళూరులో 1953లో మొదలైన హెచ్‌ఎంటీ తయారీ లేతులు, హరిహర్‌లో తయారైన కిర్లోస్కర్ లేతులు ఎన్నో చేతులు మారి ఇంకా నడుస్తున్నాయి. 1943లో సికింద్రాబాద్‌లో పుట్టిన ప్రాగా టూల్స్ వారి చక్కులు, గ్రైండర్లు పాత వర్క్‌షాపుల్లో కనిపిస్తాయి. వీటి పక్కనే బటాలా, రాజ్‌కోట్‌లలో చేసిన తేలికపాటి లేతులూ ఉంటాయి. బోర్డు మీది పేరు స్పేర్లు దొరుకుతాయా లేదా అన్నది చెబుతుంది. మిషన్ ఇవాళ ఏ స్థితిలో ఉందో మాత్రం చెప్పదు.

చక్కు దగ్గరే ఎందుకు అరుగుతుంది

ఒకదాని మీద ఒకటి జారే తలాలు ఎంత అరుగుతాయన్నదానికి బ్రిటిష్ శాస్త్రవేత్త ఆర్చర్డ్ 1953లో ఒక సూత్రం ఇచ్చాడు. అరిగిపోయే పదార్థం మొత్తం బరువును బట్టి, జారిన దూరాన్ని బట్టి పెరుగుతుంది. తలం గట్టిదనాన్ని బట్టి తగ్గుతుంది. లేత్‌కు దీన్ని అన్వయిస్తే బెడ్డు చరిత్ర మొత్తం కనిపిస్తుంది.

రోజువారీ జాబుల్లో ఎక్కువ భాగం పొట్టివి. ఆరడుగుల బెడ్డున్నా టూల్‌ను మోసే శాడిల్ రోజంతా చక్కు ముందున్న అడుగు, అడుగున్నర దూరంలోనే అటూ ఇటూ తిరుగుతుంది. జారిన దూరమంతా అక్కడే పోగవుతుంది. ఇక బరువు సంగతి. జాబు మన వైపు తిరుగుతూ టూల్‌ను కిందికి నొక్కుతుంది. ఆ నొక్కుడు, ముందువైపు వేలాడే ఏప్రాన్ బరువు, రెండూ శాడిల్ జారే పట్టాల్లో మనం నిలబడే వైపున్న ముందు పట్టా మీదే ఎక్కువగా పడతాయి. కాబట్టి చక్కు దగ్గర, ముందు పట్టా మీద బెడ్డు మొదట అరుగుతుంది. టెయిల్‌స్టాక్ వైపు కొస దాదాపు కొత్తదానిలా ఉండిపోతుంది.

మన ప్రాంతానికి ఇంకో సంగతి కలుస్తుంది. వడ్ల బరువులో దాదాపు ఐదో వంతు పొట్టు. ఆ పొట్టు కాలితే వచ్చే బూడిదలో 85 శాతానికి పైగా సిలికానే. మిల్లులో పొట్టు తీసే రబ్బరు రోలర్లు తొందరగా అరిగిపోవడానికీ పొట్టులోని ఈ సిలికానే కారణం. రైస్ మిల్లు ఆవరణలోనో, దాని పక్క షెడ్డులోనో ఏళ్లపాటు పనిచేసిన లేత్ బెడ్డు మీద పొట్టు, బూడిదల ధూళి నూనెతో కలిసి పేస్టులా మారుతుంది. శాడిల్ కింద చేరి ఆకురాయిలా పనిచేస్తుంది. అందుకే మిర్యాలగూడ మిల్లుల వైపు నుంచి వచ్చే మిషన్ చూసేటప్పుడు శాడిల్ అంచున ఉండే ఫెల్టు వైపర్లు ఉన్నాయో లేవో ముందు చూడాలి. వైపర్లు లేకుండా నడిచిన మిషన్ అయితే బెడ్డు కొలతల్లో ఇంకాస్త జాగ్రత్త పడాలి.

పదో వంతు మిల్లీమీటరు లెక్క

బెడ్డు 0.1 మి.మీ. అరిగిందని తెలిసింది. కొనాలా, వదిలేయాలా? ఈ ఒక్క అంకెతో తేలదు. అరుగుదల టూల్‌ను ఏ దిశలో కదిలిస్తుందో చూడాలి.

ముందు టూల్ నిలువునా 0.1 మి.మీ. దిగిందనుకుందాం. 40 మి.మీ. వ్యాసమున్న షాఫ్టు తీస్తున్నప్పుడు దానివల్ల వచ్చే తేడా ఎంత? పైథాగరస్ సూత్రం వేస్తే వ్యాసంలో 0.0005 మి.మీ. మాత్రమే. మన దగ్గరున్న ఏ మైక్రోమీటరూ దాన్ని పట్టుకోలేదు. అదే టూల్ అడ్డంగా 0.1 మి.మీ. వెనక్కి జరిగితే వ్యాసం 0.2 మి.మీ. పెరుగుతుంది. నిలువు తప్పు దాదాపు మాయమైపోతుంది, అడ్డ తప్పు రెట్టింపవుతుంది.

అయితే ముందు పట్టా ఒక్కటే అరిగితే శాడిల్ నేరుగా దిగదు, మన వైపు ఒరుగుతుంది. పట్టాల మధ్య దూరం 300 మి.మీ., బెడ్డు పైనుంచి సెంటరు ఎత్తు 200 మి.మీ. ఉన్న లేత్‌లో ముందు పట్టా 0.1 మి.మీ. దిగితే టూల్ కొస జాబుకు 0.067 మి.మీ. దూరం జరుగుతుంది. జాబు వ్యాసం దాదాపు 0.13 మి.మీ. లావుగా వస్తుంది. రెండు తల వెంట్రుకల మందం అనుకోవచ్చు.

ఇప్పుడు దీన్ని మన కోత మిషన్ షాఫ్టు దగ్గరికి తీసుకెళ్దాం. 6308 బేరింగు లోపలి వ్యాసం 40 మి.మీ., వెడల్పు 23 మి.మీ. మామూలు లోడుకు తరచూ వాడే కే6 ఫిట్టులో షాఫ్టు 40.002 నుంచి 40.018 మి.మీ. మధ్య ఉండాలి. అంటే టర్నర్‌కు దక్కే వెసులుబాటు 0.016 మి.మీ. మాత్రమే. 0.13 తప్పున్న లేత్ దీనికి పనికిరాదనిపిస్తుంది. కానీ ఆ 0.13 ఒక్కచోట వచ్చే తప్పు కాదు, సుమారు 300 మి.మీ. పొడవు మీద మెల్లగా పరచుకుని వస్తుంది. అంత పొడవులో 23 మి.మీ. వెడల్పుకు వచ్చే తేడా 0.01 మి.మీ. చుట్టుపక్కల ఉంటుంది. చేయి తిరిగిన టర్నర్ ఆ చోట కొలుస్తూ తీస్తే బేరింగు సీటు హద్దులోనే వస్తుంది.

అదే లేత్ మీద కన్వేయర్ రోలరో, పొడవాటి హైడ్రాలిక్ రాడ్డో తీయమంటే కుదరదు. ఒక కొస లావు, ఒక కొస సన్నం అవుతుంది. ఒకే అరుగుదల ఒక పనికి అడ్డం కాదు, ఇంకో పనికి పూర్తిగా అడ్డం. అందుకే కొనడానికి పోయే ముందే, మొదటి రెండేళ్లలో మన దుకాణానికి వచ్చే పనులేమిటో కాగితం మీద రాసుకోవాలి.

వ్యాపారి షెడ్డులో చేసే పరీక్షలు

లేత్ ఖచ్చితత్వాన్ని ఒక పద్ధతి ప్రకారం పరీక్షించే పట్టికలను బెర్లిన్‌లో ఆచార్యుడిగా ఉన్న జార్జ్ ష్లెసింగర్ 1927లో పుస్తకంగా తెచ్చాడు. నేటికీ మెషిన్ టూల్ ఫ్యాక్టరీల్లో చేసే పరీక్షలకు అదే పునాది. వాటిలో కొన్నింటిని ఒక డయల్ గేజ్, ఒక మాగ్నెటిక్ స్టాండు, ఒక మైక్రోమీటరుతో మనమూ చేసుకోవచ్చు.

మొదటిది బిగింపు పరీక్ష. దీనికి ఏ పరికరమూ అక్కర్లేదు. శాడిల్‌ను చక్కు దగ్గరికి తెచ్చి, కింది పట్టీలను శాడిల్ కాస్త బిగువుగా కదిలేలా సరిచేయండి. తర్వాత చేతిచక్రంతో టెయిల్‌స్టాక్ వైపు నడపండి. చివరిదాకా ఒకే తీరుగా కదిలితే అరుగుదల తక్కువ. సగం దూరంలోనే బిగుసుకుపోతే, చక్కు దగ్గర బెడ్డు పలచబడిందని అర్థం. “అన్నా, ఒక్క చేతి మీద నడిచిన మిషన్” అని అమ్మేవాళ్లు ఎంత చెప్పినా, చేతిచక్రం చెప్పే మాట వేరేగా ఉండొచ్చు.

రెండోది డయల్ గేజ్ పరీక్ష. టెయిల్‌స్టాక్ జారే లోపలి పట్టాలు బయటి పట్టాలంత అరగవు, ఎందుకంటే టెయిల్‌స్టాక్‌ను అంతగా కదపరు. గేజ్‌ను శాడిల్ మీద నిలబెట్టి, దాని ములికిని లోపలి చదును పట్టా మీద పెట్టి, శాడిల్‌ను ఈ కొస నుంచి ఆ కొసకు నడిపితే ముల్లు ఎంత కదిలితే అంత తేడా. ఇది నిలువు దిగుడును చూపిస్తుంది. అడ్డ కదలిక కోసం సెంటర్ల మధ్య తిన్నని టెస్ట్ బార్ బిగించి, గేజ్‌ను టూల్‌పోస్టులో పట్టి దాని పక్కన నడపాలి. అసలు లెక్కలోకి వచ్చేది ఈ రెండో అంకె.

మూడోది స్పిండిల్. దీని దగ్గర మొహమాటం పనికిరాదు. బెడ్డు అరుగుదలను టర్నర్ కొలుస్తూ సర్దుకోగలడు, వదులైన స్పిండిల్‌ను ఎవరూ సర్దలేరు. జాబు గుండ్రంగా రాదు, టూల్ అదిరి తలం మీద అలలు పడతాయి. స్పిండిల్ ముక్కు మీద గేజ్ పెట్టి చేత్తో తిప్పితే ముల్లు 0.01 మి.మీ. చుట్టుపక్కలే ఉండాలి. తర్వాత చక్కు కింద కర్ర పెట్టి పైకి ఎత్తిపట్టి వదలండి. ముల్లు కదిలి తిరిగి రాకపోతే, లేదా కదలిక ఎక్కువగా ఉంటే బేరింగుల్లో ప్లే ఉంది. బిగిస్తే సరిపోతుందా, మార్చాలా అన్నది తేలాలంటే హెడ్‌స్టాక్‌ను ఎక్కువ స్పీడులో అరగంట నడిపి, చప్పుడు విని, వేడి చూడాలి. చేయి పెట్టి ఉంచలేనంత కాలితే బేరం ఆపడమే మంచిది.

నాలుగోది కోత పరీక్ష. 40 మి.మీ.కు తక్కువ కాని రాడ్డును చక్కులో మాత్రమే బిగించి, టెయిల్‌స్టాక్ ఆనించకుండా, 150 మి.మీ. ఎడంతో రెండు కాలర్లు వదిలి మిగతాది తీసేయాలి. తర్వాత ఒకే టూల్ సెట్టింగుతో రెండు కాలర్ల మీదా సన్నని కోత వేసి మైక్రోమీటరుతో కొలవాలి. ఆ రెండు కొలతల మధ్య తేడాయే హెడ్‌స్టాక్, బెడ్డు ఒకే వరుసలో ఉన్నాయా లేదా అన్న ప్రశ్నకు జవాబు. వ్యాపారి షెడ్డులో కరెంటు లేదంటే కరెంటు ఉన్న రోజే రావాలి. నడవని మిషన్‌కు ఇనుము ధరే ధర.

127 పళ్ల చక్రం ఉందా?

పాత లేతుల్లో మరలు తీసేటప్పుడు శాడిల్‌ను నడిపే లీడ్ స్క్రూ చాలాసార్లు అంగుళాల లెక్కలో ఉంటుంది. అంగుళానికి 4 మరలు, అంటే ఒక్కో మర 6.35 మి.మీ. మన ప్రాంతంలో పనులేమో రెండు లెక్కల్లోనూ వస్తాయి. ట్రాక్టరు బోల్టుల్లో మెట్రిక్ మరలు ఎక్కువ. బోరు జీఐ పైపులకు అంగుళం సైజు నుంచి అంగుళానికి 11 మరలుంటాయి. అంగుళం అంటే కచ్చితంగా 25.4 మి.మీ. దాన్ని ఐదుతో గుణిస్తే 127. ఇది ప్రధాన సంఖ్య కాబట్టి చిన్న చక్రాలుగా విడదీయలేం. 4 మరల లీడ్ స్క్రూ మీద 2 మి.మీ. మర తీయాలంటే నిష్పత్తి సరిగ్గా 40కి 127. ఆ 127 పళ్ల చక్రం లేకపోతే మెట్రిక్ మర ఉజ్జాయింపుగానే వస్తుంది, పొడవు పెరిగేకొద్దీ నట్టు పట్టేస్తుంది.

కాబట్టి ఛేంజ్ గేర్ల సెట్టును కింద పరిచి, ఒక్కొక్కటిగా పళ్లు లెక్కపెట్టి తీసుకోవాలి. “తర్వాత పంపిస్తా” అన్న చక్రం వచ్చేదాకా డబ్బులో కొంత మన దగ్గరే ఉండాలి.

దేనికి భయపడాలి, దేనికి అక్కర్లేదు

క్రాస్ స్లయిడ్ చక్రం పావు చుట్టు ఖాళీగా తిరిగిందని చాలామంది మంచి మిషన్‌ను వదిలేస్తారు. ఆ ప్లే గన్‌మెటల్ నట్టు అరుగుదల. నట్టు మార్చుకోవచ్చు. అప్పటిదాకా టూల్‌ను ఎప్పుడూ ఒకే వైపు నుంచి కొలతకు తెస్తే ఖచ్చితత్వం దెబ్బతినదు. హాఫ్ నట్టు, బెల్టులు, మోటారు బేరింగులు, టూల్‌పోస్టు కూడా ఈ కోవలోవే. వీటిని చూపించి బేరం తగ్గించాలి గానీ మిషన్ వదులుకోనక్కర్లేదు.

భయపడాల్సినవి వేరు. పోత ఇనుములో పగులు వాటిలో మొదటిది. వెల్డింగు వేడికి కరిగిన పోత ఇనుము తొందరగా చల్లారితే గాజులా పెళుసైన తెల్ల ఇనుముగా మారుతుంది, పక్కనే మళ్లీ పగులుతుంది. హెడ్‌స్టాక్ మీద, బెడ్డు కాళ్ల దగ్గర కొత్త రంగు, దాని కింద పుట్టీ కనిపిస్తే గీరి చూడాలి. బెడ్డు లోతుగా అరిగి ఉంటే నగరానికి తీసుకెళ్లి గ్రైండింగు చేయించాలి. గ్రైండింగుతో శాడిల్ దిగుతుంది, లీడ్ స్క్రూ వరుస తప్పుతుంది, వాటినీ సరిచేయాలి. రానుపోను రవాణాతో కలిపి ఆ ఖర్చు చౌకబేరాన్ని మింగేస్తుంది. గేర్‌బాక్సులో పళ్లు ఊడిన చక్రాలదీ ఇదే సంగతి, ముఖ్యంగా ఆ కంపెనీ ఇప్పుడు లేకపోతే.

మోటారును మెగ్గర్‌తో చూడాలి. 500 వోల్టులతో వైండింగుకు, బాడీకి మధ్య కొలిస్తే ఒక మెగాఓమ్ కన్నా తక్కువ చూపిస్తే దాన్ని నడపకూడదు. రివైండింగు ఖర్చు లెక్కలో వేసుకోవాలి. మూడు ఫేజుల్లో ఒకటి పోతే మోటారు మిగతా రెండింటి మీద లాగుతూ కాలిపోతుంది కాబట్టి సింగిల్ ఫేజింగ్ ప్రివెంటర్ తప్పనిసరి. దుకాణానికి పరిశ్రమల కేటగిరీలో త్రీ ఫేజ్ కనెక్షన్ తీసుకోవాలి. పొలం మోటారు లైను నుంచి లాగడం చట్టవిరుద్ధం, ప్రమాదం కూడా.

తెచ్చాక చేసే తప్పు

షెడ్డులో బాగా కోసిన లేత్ ఊరికొచ్చాక వంకరగా కోస్తే మిషన్ మారిందని అనుకోకూడదు. బెడ్డు ఎంత బరువైనా నాలుగు కాళ్ల కింద నేల ఎగుడుదిగుడైతే సన్నగా మెలి తిరుగుతుంది. ఆ మెలికే టూల్‌ను అడ్డంగా జరుపుతుంది. అడ్డ తప్పు ఎంత ఖరీదైనదో పైన చూశాం. నల్లరేగడి నేల అయితే వానాకాలంలో ఉబ్బి, ఎండాకాలంలో కుంచించుకుంటుంది. అందుకే గట్టి మట్టం దాకా తవ్వి కాంక్రీటు దిమ్మె కట్టి, అది పూర్తిగా గట్టిపడ్డాకే మిషన్ ఎక్కించాలి. మీటరుకు 0.02 మి.మీ. తేడా చూపించే లెవెల్‌తో రెండు కొసలూ సరిచేసి, ప్రతి కాలం మారినప్పుడూ మళ్లీ చూసుకోవాలి. ఎత్తేటప్పుడు బెల్టులు బెడ్డు కింద వేయాలి. స్పిండిల్‌కో, లీడ్ స్క్రూకో తగిలించి ఎత్తితే, అప్పటిదాకా చేసిన పరీక్షలన్నీ వృథా.

ఒకే గదిలో వెల్డింగు, గ్రైండింగు, లేత్ మూడూ పెట్టాల్సి వస్తే గ్రైండరును లేత్‌కు దూరంగా, గాలి అటు పోయేలా పెట్టండి. గ్రైండరు రాలు బెడ్డు మీద పడితే పొట్టు బూడిద కన్నా ఎక్కువ చెరుపు చేస్తుంది. చక్కులో ఉన్న జాబుకు వెల్డింగు చేస్తూ ఎర్తును లేత్ బాడీకి తగిలించడం అసలే వద్దు. కరెంటు స్పిండిల్ బేరింగుల గుండా పోయి వాటి మీద గుంటలు పెడుతుంది.

ముందు కొలత, తర్వాత మిషన్

కొత్త లేత్‌కూ పాత లేత్‌కూ మధ్య మిగిలే డబ్బులో మొదటి భాగం కొలత పరికరాలకు పోవాలి. 0–25, 25–50 మైక్రోమీటర్లు, డయల్ గేజ్, మాగ్నెటిక్ స్టాండు, మంచి వెర్నియర్. వీటిని మిషన్ కన్నా ముందే కొనాలి. మిషన్ ఎంచుకునేది వీటితోనే. ఇవి మాత్రం సెకండ్ హ్యాండ్ వద్దు. ముద్రా రుణానికి బ్యాంకుకు వెళ్లేవాళ్లు పాత మిషన్‌కు ఏ కాగితాలు కావాలో బేరానికి ముందే అడిగి తెలుసుకోవాలి. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం, దానికి మధ్యవర్తి అక్కర్లేదు.

మిషన్ బిగించిన వారంలోనే టెస్ట్ బార్ పెట్టి, చక్కు నుంచి ప్రతి 50 మి.మీ.కు ఎంత తేడా వస్తోందో రాసి, ఆ కాగితాన్ని హెడ్‌స్టాక్ పైన గోడకు అంటించండి. ఏడాదికోసారి మళ్లీ కొలిచి పక్క వరుసలో రాయండి. తన లేత్ ఎక్కడ ఎంత తప్పుతుందో తెలిసిన టర్నర్ ఏ పని ఒప్పుకోవాలో, ఏ పనికి “ఇది నా మిషన్ మీద కాదు, కోదాడ తీసుకుపోండి” అని చెప్పాలో తడుముకోడు. చిన్న ఊళ్లో దుకాణం నిలబడేది ఆ మాట మీద కుదిరిన నమ్మకంతోనే. ఆ నమ్మకానికి మిషన్ కొత్తదై ఉండాల్సిన పని లేదు, కొలత నిజమై ఉంటే చాలు.